ఒండ్రు మట్టిలో కుడికాలు

నిన్న అటక మీద నుంచి గజ్జెల సంచి దించాను. మా అమ్మాయి మేఘన కాలేజీ వార్షికోత్సవంలో స్నేహితురాళ్ళతో కలిసి కూచిపూడి చేస్తానంటే, అద్దె గజ్జెలెందుకు, నావి ఉన్నాయి కదా అని వెతికితే, పాత దుప్పట్ల మూటకీ పాడైన మిక్సీకీ మధ్య దొరికింది. ముడి విప్పగానే ముందు తోలు వాసన వచ్చింది, దాని వెనక కొబ్బరినూనె వాసన, ముక్కు ఇంకాస్త దగ్గర పెడితే సాంబ్రాణి. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటులో, కింద ఆటోలు పోటీలు పడి హారన్లు కొట్టుకుంటుంటే, రోజూ కాలేజీలో గదినిండా పిల్లల్ని గద్దించే ఫిజిక్సు లెక్చరర్ని, గజ్జెలు ముక్కుకి ఆనించుకుని స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను. మావారు చూసి, "దిగుతావా, నిచ్చెన తెమ్మంటావా?" అన్నారు. నేనప్పటికే మా ఊళ్ళో, నారాయణ మాస్టారి అరుగు ముందు ఉన్నానని ఆయనకేం తెలుసు.

మా ఊరు ఉయ్యూరు నుంచి కూచిపూడి వైపు వెళ్ళే బస్సు దారిలో ఉండేది. రోడ్డుకి ఒక పక్క చెరుకు, ఇంకో పక్క వరి, వరికీ ఇళ్ళకీ మధ్య కాలవ. వేసవిలో తాటిముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే నాకి, ఆ జిగురు చేతులతోనే ఒకళ్ళ జడలు ఒకళ్ళం లాక్కునేవాళ్ళం. కాలవకి నీళ్ళు వదిలారన్న కబురు వస్తే చాలు, పలకలు ఎక్కడివక్కడ పారేసి ఎండిన కాలవలోకి తలదూర్చుకుంటూ వచ్చే ఎర్రనీళ్ళకి ఎదురు పరిగెత్తేవాళ్ళం. చలికాలం చక్కెర ఫ్యాక్టరీ మొదలైందంటే చెరుకు బళ్ళ వెనకాల పడి గడలు లాగడం, పళ్ళతో చీల్చడం, పెదాలు కోసుకుని ఇంటికెళ్ళి తిట్లు తినడం. ఆ నాలుగు నెలలూ ఊళ్ళో గాలికి పాకం మాడిన వాసన, ఆరేసిన బట్టలకి కూడా అదే వాసన. మా నాయనమ్మ ఆ వాసన పీల్చి రేపు మంచు పడుతుందో లేదో చెప్పేది. సగం సార్లు తప్పేది, అయినా చెప్పడం మానేది కాదు.

ఆ ఊళ్ళో నాకు రెండు చదువులు జరిగాయి, రెండూ ఒకదానికొకటి బొత్తిగా పొసగనివి. పొద్దుటిది ఎలిమెంటరీ స్కూల్లో కరుణ టీచరుగారిది. సాయంత్రానిది మాస్టారి అరుగు మీద.

కరుణ టీచరుగారు రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేవారు. వాళ్ళాయన చక్కెర ఫ్యాక్టరీలో పని చేసేవారు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవారు. ఆవిడ తెల్లటి నేత చీర కట్టుకుని, చేతిసంచిలో ఎప్పుడూ ఒక పాత చేతిరుమాలు, నాలుగు బిస్కెట్లు పెట్టుకుని వచ్చేవారు. ఏదడిగినా ఆవిడ ముందు చెప్పే మాట ఒకటే, "నీకేమనిపిస్తోంది?" కప్ప చర్మం తడిగా ఎందుకుంటుందని అడిగితే "నీకేమనిపిస్తోంది?" వరిచేలో నీళ్ళెందుకు నిలబెడతారని అడిగితే "నీకేమనిపిస్తోంది? మీ నాన్ననడిగావా, చేనులో దిగి చూశావా?" కొలతల పాఠం నాడు మమ్మల్నందర్నీ బడి వరండా అడుగులతో కొలవమన్నారు. ఒకడికి నలభై వచ్చింది, నాకు యాభైరెండు, బాబీగాడికి ముప్పయ్యేడు. ఎవరిది రైటని వీధిదాకా వినపడేట్టు కొట్లాడుకుంటుంటే, ఆవిడ కుర్చీలో కూర్చుని హాయిగా రుమాలు కుట్టుకుంటున్నారు. గంటసేపటికి ఎవరో అరిచారు, "ఒకళ్ళ కాలితోనే అందరూ కొలవాలి." అప్పుడు లేచి, సంచిలోంచి బిస్కెట్లు తీసి పంచారు. ఆ రోజు ఇళ్ళల్లో మాత్రం, టీచరుగారు పాఠం చెప్పడం మానేసి పిల్లలతో ఆడుకుంటున్నారని చెప్పుకున్నారు.

నారాయణ మాస్టారు కూచిపూడిలో చిన్నప్పట్నుంచీ నేర్చుకుని మా ఊరు వచ్చి స్థిరపడిన మనిషి. పెంకుటిల్లు, ముందు పొడుగాటి అరుగు, అరుగు మీద ఒక చెక్కపలక, చేతిలో పొట్టి కర్ర. కర్ర పలక మీద పడితే ఊరి చివర మిల్లు దాకా వినిపించేది. ఆయన దగ్గర ఎందుకన్న మాట లేదు. నించోమంటే నించోవాలి, మోకాళ్ళు వంచమంటే వంచాలి, చాలన్నదాకా వంచే ఉండాలి. "తైయ్యుం తత్త తైయ్యుం తా" అని ఆయన అంటుంటే ఆరుగురు ఆడపిల్లలు గోడకి కొట్టిన మేకుల్లా ఒకే వరసలో, ఒకే ఎత్తులో కదిలేవాళ్ళు. ఒకే అడుగు నెలరోజులు వేయించేవారు. ఎవరైనా విసుక్కుంటే, "నీకు రాలేదు కాబట్టి విసుగు. వస్తే విసుగుండదు" అనేవారు. కొట్టేవారు కాదు గానీ ఆయన కర్ర ఆపితే చాలు, అందరికీ గుండె ఆగేది.

ఇక్కడ అసలు సంగతేమిటంటే, ఉయ్యూరు వెళ్ళే సాయంత్రం బస్సు ఆగేది సరిగ్గా మాస్టారింటి ముందు. ఆ బస్సు ఒక్కనాడూ వేళకి వచ్చి ఎరగదు. బడి అయ్యాక టీచరుగారు వచ్చి ఆ అరుగు చివర కూర్చునేవారు, మాస్టారి భార్య మజ్జిగ ఇచ్చేది, గ్లాసు సగమయ్యేసరికి మొదలయ్యేది.

"పిల్లలకేం తెలుసనండీ, వాళ్ళనే అడుగుతారు?" అనేవారు మాస్టారు.

"మీరు చెప్పింది చేస్తారు గానీ ఎందుకో తెలీదు గదండీ వాళ్ళకి" అనేవారు టీచరుగారు.

"చెయ్యగా చెయ్యగా అదే తెలుసుద్దండీ."

"తెలీకుండానే పెళ్ళిళ్ళయి వెళ్ళిపోతే?"

మాస్టారి భార్య ఇంకో గ్లాసు మజ్జిగ పోసేది. బస్సు వచ్చి హారన్ కొట్టేదాకా ఇదే. మాకు మాత్రం ఇంతకన్నా మంచి వినోదం ఆ ఊళ్ళో లేదు.

డాన్సు నేర్చుకునేది నేను కాదు, మా అక్క పద్మ. దానికి పన్నెండు, నాకు తొమ్మిది. సాయంత్రం పూట ఆడపిల్ల ఒక్కతే వెళ్ళకూడదని నన్ను తోడు పంపేవాళ్ళు. తొమ్మిదేళ్ళదాన్ని నేను దానికేం కాపలానో ఎవరూ అడగలేదు. అరుగు మీద నాకు మాస్టారి పక్కన చోటు, ఎందుకంటే అక్కడ కూర్చుంటే అల్లరి చెయ్యనని. ఏడాదిపాటు రోజూ గంటసేపు ఆయన మోచేతికి ఆనుకుని, ఎదురుగా నాట్యం చేసే అక్కని చూస్తూ కూర్చున్నాను. అది చెయ్యెత్తితే నా చెయ్యి లేచేది, ఒళ్ళోనే. ఇంటికెళ్ళి గడ్డివాము వెనక అవన్నీ వేసేదాన్ని. ఒక్క అడుగు పోకుండా వచ్చేసింది నాకు. ఎవరికీ చెప్పలేదు, కడుపులో దాచుకుని తిరిగాను. ప్రపంచంలో నాకు అంతకన్నా కావలసింది ఇంకోటి లేదు, ఆ వరసలో ఏడోదాన్నయి నించోవాలి, అంతే.

శ్రావణం దాటాక ఒకరోజు మాస్టారు మంచినీళ్ళకి లోపలికి వెళ్ళారు. నేను చప్పున లేచి, పావడా దోపుకుని, అందరి ముందూ మొదటి పది అడుగులూ వరసగా వేసేశాను. తిరిగి చూస్తే ఆయన గుమ్మంలో చెంబుతో నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నుంచీ ఉన్నారో తెలీదు. మెచ్చుకుంటారని నాకు గట్టి నమ్మకం. నవ్వు ఆపుకోలేక పెదాలు కొరుక్కుంటున్నాను.

"ఎవరు నేర్పారే నీకు?"

"నేనే నేర్చుకున్నానండీ."

"ఊఁ. అంతా ఎడమే." చెంబు కింద పెట్టారు. "ప్రతి అడుగూ కుడికాలుతో మొదలు పెట్టాలి. నువ్వు మొదట్నుంచీ చివరిదాకా ఎడంకాలుతో మొదలుపెట్టావు. కుడిచెయ్యి పెట్టాల్సినచోట ఎడమచెయ్యి. ఎదురుగా కూర్చుని చూశావుగా, అద్దంలో చూసినట్టు నేర్చుకున్నావు."

ఆరుగురూ ఫక్కుమన్నారు, మా అక్క అందరికన్నా గట్టిగా. నాకు చెవులు కాలిపోయాయి. అయినా మొండిదాన్ని, ఒప్పుకుంటాను, అక్కడే అడిగాను, "నన్ను చేర్చుకోండి మాస్టారూ, మార్చుకుంటా."

"ఏమీ రాని పిల్లకి నేర్పొచ్చు. తప్పుగా ఒంటబట్టింది వదిలించటం నా వల్ల కాదమ్మా. నీ పక్కనున్న ఆరుగురూ పాడవుతారు."

అరుగు చివర మజ్జిగ తాగుతున్న టీచరుగారు గ్లాసు పక్కన పెట్టారు. "ఒక్క అవకాశం ఇవ్వండి మాస్టారూ. ఎవరూ చెప్పకుండా ఇంత నేర్చిన పిల్ల."

"ఎవరూ చెప్పకపోబట్టే ఇట్టా నేర్చిందండీ" అన్నారాయన. కాసేపు కర్రతో అరచేతిలో కొట్టుకుని, నావైపు తిరిగారు. "విజయదశమినాడు కొత్తపిల్లల్ని చేర్చుకుంటా. ఆ పొద్దున ఇదే పది అడుగులు, మూడు కాలాల్లో, ఒక్క కాలు తప్పు పడకుండా వేస్తే నువ్వూ చేరు. తప్పావా, ఇంక ఈ ఊసెత్తొద్దు."

మూడు కాలాలంటే ఒకే అడుగుని ముందు నిదానంగా, తర్వాత రెండింతల వేగంగా, ఆ తర్వాత నాలుగింతల వేగంగా వెయ్యడం. నాకు మిగిలింది ఒక నెలా చిల్లర రోజులు.

నవ్వినందుకు ప్రాయశ్చిత్తంగా అక్క నాకు గురువైంది. పీట తిరగేసి, పప్పు గరిటెతో దాని మీద కొడుతూ మాస్టారి గొంతు పెట్టి "కుడి, కుడి, ఓసి మొద్దూ కుడి" అనేది. కుడి మణికట్టుకి ఎర్రదారం కట్టింది. కుడికాలికి పసుపు రాసింది. నిదానంగా వేస్తే కుడే పడేది, వేగం పెంచేసరికి నా కాళ్ళు నా మాట వినేవి కావు, గడ్డివాము వెనక నేర్చుకున్న దారినే పోయేవి. పదిహేను రోజులయ్యేసరికి గరిటె వంగింది, అమ్మ తిట్టింది, అక్క చేతులెత్తేసింది. నేనింక ఎడమకీ కుడికీ తేడా తెలీక, అన్నం కూడా ఏ చేత్తో తినాలో ఆలోచించుకునే స్థితికొచ్చాను.

మర్నాడు బళ్ళో ఇంటర్వెల్లులో టీచరుగారి దగ్గరికి వెళ్ళాను. "ఎట్టా మార్చుకోవాలో చెప్పండి టీచర్" అన్నాను.

"నీకేమనిపిస్తోంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకేమీ అనిపించట్లేదు. మీరు టీచరేగా, చెప్పొచ్చుగా" అని అందరి ముందూ భోరుమన్నాను. టీచరుగారు రుమాలు తీసి నా ముక్కు తుడిచారు. తర్వాత, ఆవిడ కూడా నిజంగా తెలుసుకోవాలనుకుంటున్నట్టే అడిగారు, "మీ అక్కకి ఎదురుగా నుంచున్నందుకే గదా ఇదంతా. మరి ఇంకెక్కడ నుంచోవచ్చు?"

వెనక, అన్నాను. సాయంత్రం వెనక నుంచుని చూశాను. అక్క పరికిణీ నేలదాకా ఉంటుంది, వెనకనుంచి దాని కాళ్ళే కనపడవు. పక్కన నుంచున్నాను, మెడ పట్టేసింది. రాత్రి అన్నాల దగ్గర కూడా అదే ధ్యాస. ఎదురుగా కాదు, వెనక కాదు, పక్కన కాదు, ఇంకెక్కడ?

దసరాకి వారం ముందు మా నాన్న కాలవలోంచి ఒండ్రు మట్టి బండెడు తోలించి పెరడంతా పరిపించాడు. వానలకి గుంటలు పడ్డ పెరటికి ఏటా అదే వైద్యం. నల్లగా, నున్నగా, వెన్నలాగా పరుచుకుని, ఎండపొడ పడి మెరుస్తోంది. అది కాస్త ఆరితే దిమ్మిస కొట్టి గట్టిచేసి, పేడతో అలికి ముగ్గులు పెడతారు. అప్పటిదాకా దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదని నాయనమ్మ కర్ర పట్టుకుని మంచం వేసుకుంది. పెట్టకూడదన్నారు కాబట్టి మా ఇంటి కోడి ముందు పెట్టింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా మూడు వేళ్ళ అచ్చులు, వరసగా, ఎటు నుంచి ఎటు వెళ్ళిందో స్పష్టంగా. నేను వాటిని చూస్తూ నిలబడిపోయాను. తర్వాత పరిగెత్తుకెళ్ళి అక్కని చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చాను.

"నువ్వు దీని మీద అడుగులు వెయ్యి. నేను నీ అడుగుల్లో వేస్తా."

అక్క ఎక్కడ నిలబడిందో నేనూ అక్కడే నిలబడాలి, అదీ నాకు దొరికిన జవాబు. మట్టిలో కుడికాలి అచ్చులో ఎడంకాలు పెడదామన్నా పట్టదు, బొటనవేలు ఒప్పుకోదు. నాయనమ్మ కునుకు తీసే వేళ చూసి అక్క మొదటి అడుగు వేసింది, చుప్ చుప్ మని. వెనకాలే నేను. దాని కాళ్ళు నాకన్నా పెద్దవి కాబట్టి నా కాళ్ళు చెప్పుల్లో దూరినట్టు దూరాయి. చల్లగా, మెత్తగా, కాలివేళ్ళ సందుల్లోంచి మట్టి పైకి వస్తుంటే ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ నవ్వుకే నాయనమ్మ లేచింది. పెరడు చూసింది. మోకాళ్ళదాకా నల్లమేజోళ్ళు తొడుక్కున్నట్టున్న మమ్మల్ని చూసింది. చచ్చామనుకున్నాం.

"ఏంటే ఇది?"

అక్క ఏడుపు గొంతుతో మొత్తం చెప్పింది. నాయనమ్మ కర్రతో మట్టిని పొడిచి చూసింది. "తొక్కితే తొక్కారులే. ఆ మూల కూడా తొక్కండి, గట్టిపడుద్ది. దిమ్మిస కొట్టే పని తప్పుద్ది" అంది.

నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం తొక్కాం. అచ్చులు చెరిగిపోతే నాయనమ్మ చెంబుతో నీళ్ళు చల్లేది. మంచం మీదే కూర్చుని ఆవిడే కర్రతో తాళం కూడా వేసేది, తప్పుల తడకగా. వేగం పెరిగినా నా కాళ్ళకి ఇప్పుడు వెళ్ళడానికి ఇంకో దారి దొరికింది. అయిదోనాటికి పెరడు రాయిలా గట్టిపడింది, అచ్చులు పడటం మానేశాయి. అక్క ఎటు నిలబడినా నా కుడి కుడిగానే పడింది. ఆ ఏడాది మా పెరడంత చదునైన పెరడు ఊళ్ళో లేదని నాన్న చాలామందికి చెప్పుకున్నాడు, కారణం చెప్పలేదు.

విజయదశమి పొద్దున మాస్టారి అరుగంతా మామిడాకులు, బంతిపూలు. లోపల్నుంచి అల్లంగారెల వాసన, సాంబ్రాణి పొగ. కొత్తగా చేరే పిల్లలు తాంబూలాలు పట్టుకుని అమ్మల కొంగుల వెనక నిలబడ్డారు. బడికి సెలవైనా టీచరుగారు బస్సెక్కి వచ్చారు. పప్పుబెల్లాల కోసం వచ్చానన్నారు గానీ పొట్లం విప్పకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

ఏడాది మొత్తంలో మొదటిసారి నేను మాస్టారి పక్కన కాకుండా ఎదురుగా నిలబడ్డాను. కర్ర పడింది. మొదటి కాలం సాఫీగా పోయింది. రెండోదీ పోయింది. మూడోదాంట్లో ఏడో అడుగు దగ్గర ఆయన చెయ్యి చూశాను, ఎదురుగా ఉన్న ఆ చెయ్యి చూడగానే నా ఎడంకాలు మడమ లేచింది. కళ్ళు మూసుకున్నాను. మా పెరడు కనిపించింది, నల్లగా, తడిగా, దాంట్లో అక్క కుడికాలి అచ్చు. అందులో కాలు పెట్టాను. ఆ తర్వాత మరి కళ్ళు తెరవలేదు, పదో అడుగు చివర కర్ర ఆగేదాకా.

"ఎవరు నేర్పారే నీకు?" అన్నారు మాస్టారు, నెల కిందట అడిగినట్టే.

అక్కని చూశాను. టీచరుగారిని చూశాను. "మీరేనండీ" అన్నాను.

"నేనెక్కడ నేర్పాను, నీ మొహం."

"రోజూ మీ పక్కనే కూర్చున్నాగదండీ. తాళం మీదే."

ఆయన కర్ర పలక మీద అడ్డంగా పెట్టి, దాన్ని మళ్ళీ నిలువుగా పెట్టారు. తర్వాత టీచరుగారి వైపు తిరిగి, "చూశారా?" అన్నారు.

"చూశానండీ. మీరు నేర్పకుండానే నేర్చుకుంది" అన్నారావిడ.

"నా తాళానికే నేర్చుకున్నానంటోందిగా."

"మీ వరసలో నుంచోకుండా నేర్చుకుంది."

ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. బస్సు వచ్చి హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది, ఎవరూ వినలేదు. టీచరుగారు ఆ మధ్యాహ్నం మాస్టారింట్లోనే గారెలు తిన్నారు. నేను ఏడోదాన్నయి వరస చివర నిలబడ్డాను. ఆ సంతోషం ఎంతటిదంటే, పెళ్ళినాడు కూడా అంత లేదు. మావారు చదివితే చదవనివ్వండి.

తర్వాత జరిగినవి ఇద్దరూ ఎన్నడూ ఒప్పుకోలేదు. మాస్టారు శుక్రవారం శుక్రవారం ఒక్కో పిల్లని తన పక్కన కూర్చోబెట్టి, చేతికి కర్రిచ్చి, మిగతావాళ్ళ తప్పులు పట్టమనేవారు. అడిగితే నడుం నొప్పి అనేవారు. బళ్ళో టీచరుగారు బెంచీ మీద స్కేలుతో తాళం వేస్తూ, పదమూడో ఎక్కం మాచేత గట్టిగా, నెలరోజులపాటు చెప్పించారు. ఇప్పటికీ పదమూడు తొమ్మిదులు నాకు కాళ్ళతోనే గుర్తొస్తాయి.

మాస్టారు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆ పెంకుటిల్లు ఉన్నచోట ఎరువుల కొట్టుంది, అరుగు రోడ్డు వెడల్పులో పోయింది, బస్సు అక్కడ ఆగదు. మా పెరటికి సిమెంటు చేశారు. ఒండ్రు తోలేవాళ్ళూ లేరు, దాని మీద కాపలా కాసే నాయనమ్మా లేదు. టీచరుగారు ఉయ్యూరులోనే ఉన్నారు, ఫోను చేస్తే మోకాళ్ళ నొప్పుల గురించి నన్నే అడుగుతారు, ఎందుకొస్తాయనుకుంటున్నావని. నేను మాత్రం రోజూ మైకు పట్టుకుని చెబుతాను, పిల్లలు తలెత్తకుండా రాసుకుంటారు, గంట కొడతారు. సిలబస్ అయిపోవాలి, ఏం చెయ్యను. ఎవరైనా ఎందుకు మేడమ్ అని అడిగితే రేపు చెబుతానంటాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇవాళ పొద్దున మేఘన గజ్జెలు కట్టుకుని డాబా మీదికి పోయింది. రిహార్సల్లో ఎనిమిది మందిలో తనొక్కతే ఎదురు దిక్కుకి తిరుగుతోందట, ఇవాళ సరిచేసుకోకపోతే వరసలోంచి తీసేస్తారట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిట్టగోడ మీద ఫోను నిలబెట్టుకుని, వీడియోలో ఎదురుగా ఆడే అమ్మాయిని చూస్తూ వేస్తోంది. ఒక్క నిమిషం చూశాను. అంతా ఎడమే. నాకు నవ్వొచ్చింది, అది ఇంకా ఏడుపు మొహం పెట్టింది.

ఫోను బోర్లా పెట్టి, బకెట్టులో నీళ్ళు తెచ్చుకుని కాళ్ళు తడుపుకున్నాను. యాభైకి దగ్గరపడ్డ మోకాళ్ళు వంచి, సిమెంటు మీద మొదటి అడుగు వేశాను. తడి అచ్చు పడింది, అయిదు వేళ్ళతో సహా. "నా కాళ్ళల్లో పెట్టు, ఆరిపోయేలోగా" అన్నాను. ఎండ మంచి పదునుమీదుంది. నేను ముందు, అది వెనక, నా అచ్చులు ఆవిరయ్యేలోగా అందుకోవాలని పరుగు. మూడోసారికి అది కూడా నవ్వడం మొదలుపెట్టింది. అయిదోసారికి దాని కుడి కుడిగా పడింది.

"నీకిదెవరు నేర్పారమ్మా?" అంది, రొప్పుతూ.

మాస్టారి పేరు నోటిదాకా వచ్చింది. తర్వాత టీచరుగారి పేరు, అక్క పేరు, నాయనమ్మ, చివరికి కోడి కూడా. "నీకేమనిపిస్తోంది?" అన్నాను.

"అబ్బా, అడిగితే చెప్పొచ్చుగా."

చెబుతాను, ముందు ఇది రానీ అని, వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి నీళ్ళట్యాంకు మెట్టు మీద కూర్చున్నాను. సిమెంటు మీద మా ఇద్దరి అచ్చులూ అప్పటికే ఆరిపోయాయి. కర్రతో మెట్టు మీద కొట్టాను. "కుడి" అన్నాను.